మన స్త్రీ, షరియతు, సంఘము: తాహిర్ హద్దాద్ గ్రంథవిమర్శనము

సంఘసంస్కారమును గోరి వ్రాయబడిన గ్రంథములకు రెండు విధములైన యాపదలు కలవు. గ్రంథము వెలువడిన దినములలో విరోధులు దానిని చదువకయే దూషింతురు. కాలము మాఱి దాని పక్షము గెలిచిన పిదప మిత్రులు దానిని చదువకయే పూజింతురు. ఒక్కొకప్పుడు దూషణముకంటె పూజయే యెక్కువ కీడు చేయును. ఏలయన దూషింపబడిన పుస్తకమును తెఱచి చూచువాడొకడైన నుండును గాని, పీటపై నుంచి పూలు చల్లిన పుస్తకమును విప్పువారు అరుదు. ఉత్తరాఫ్రికాలోని ట్యునీసియా దేశమున 1930వ సంవత్సరమున తాహిర్ హద్దాద్ అరబ్బీ భాషలో ప్రకటించిన "షరియతునందును సంఘమునందును మన స్త్రీ" యను గ్రంథము ఈ రెండాపదలను ననుభవించినది.

ఆ దేశమునుగూర్చి వ్రాయువారు సాధారణముగా చెప్పునదేమన, హద్దాద్ గ్రంథము విత్తనమనియు, స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరముననే 1956 ఆగస్టు 13వ తేదీన వెలువడిన వైయక్తిక న్యాయస్మృతి దాని ఫలమనియు. ఈ మాట సగము సత్యము. తక్కిన సగమును పరీక్షించుటయే ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని. రాజ్యము ఆ గ్రంథమునుండి దేనిని గైకొన్నది, దేనిని విడిచిపెట్టినది, విడిచినదానివలన దేశమునకు గలిగిన లోటేమి యని విచారింపవలసియున్నది.

ముందుగా గ్రంథకర్తను గూర్చి నాలుగు మాటలు. హద్దాద్ 1899లో ట్యూనిస్ నగరమున సామాన్యకుటుంబమున జన్మించెను. అతడు ఫ్రెంచిపాఠశాలలలో పెరిగి స్వమతమును దూరమునుండి చూచినవాడు కాడు. తరతరములుగా ఆ దేశపు మతపండితులను తయారుచేయుచు వచ్చిన జైతూనా మసీదు విద్యాపీఠముననే చదివి 1920లో పట్టమందెను. పిదప దేశస్వాతంత్ర్యోద్యమమునను, ముహమ్మద్ అలీ అల్ హామీ 1924లో స్థాపించిన కార్మికసంఘమునను పనిచేసెను. ఫ్రెంచి ప్రభుత్వము ఆ సంఘమును నణచివేసిన తరువాత, ట్యునీసియా కార్మికులను గూర్చి 1927లో ఒక గ్రంథము వ్రాసెను. ఈ క్రమము మనము మఱువరాదు. హద్దాద్ స్త్రీల కష్టమునకు వచ్చినది కూలివాని కష్టమునుండి. అందుచేత అతని స్త్రీ ఉన్నతకుటుంబముల పరదాలోని యువతి మాత్రమే కాదు. అన్నము లేని యింటిలో, చదువు లేని భర్తచేతిలో, ఒక్కమాటతో వీధిలోనికి గెంటబడగల భార్యయు నామెయే.

గ్రంథము రెండు భాగములు. మొదటిది శాసనభాగము, రెండవది సాంఘికభాగము. శాసనభాగమునకు మూలమైన యూహ యొకటియే: ఇస్లాము తన వెంట తెచ్చిన శాశ్వతధర్మము వేఱు; తాను వచ్చిననాటి సంఘమున గానవచ్చి, ఒక్కసారిగ తుడిచివేయ వీలుగాక, మెల్లమెల్లగ తగ్గింపబూనిన యాచారములు వేఱు. దేవుడొక్కడే యనుట, సత్యము, న్యాయము, మనుష్యులందఱు సమానులనుట మొదటి తెగలోనివి. బానిసత్వము, బహుభార్యాత్వము మున్నగునవి రెండవ తెగలోనివి. బానిసలను విడిపించుట పుణ్యమని బోధించిన మతము బానిసత్వమును నాడే రద్దుచేయలేదు గదా. అయినను నేడు బానిసత్వము మతాంగమని యే ముస్లిముడును వాదింపడు. ట్యునీసియా పాలకుడైన అహ్మద్ బే 1846లోనే దానిని నిషేధించెను. ఆ తర్కమునే స్త్రీవిషయమునకును వర్తింపజేయుమని హద్దాద్ అడుగుచున్నాడు. పెక్కుభార్యలకు సమానన్యాయము చేయగలవానికే యనుజ్ఞ యున్నదనియు, అట్టి న్యాయము మనుష్యునకు సాధ్యము కాదని ఖురానే వేఱొకచోట చెప్పుచున్నదనియు జూపి, ఏకపత్నీత్వమే మతోద్దేశమని స్థాపించుచున్నాడు. విడాకులు పురుషుని నోటిమాట గాక న్యాయస్థానమున జరుగవలెననుచున్నాడు. సోదరునకు రెండుపాళ్లు, సోదరికి ఒకపాలు అను దాయవిభాగమునుసైతము ఆనాటి పురుషుని పోషణభారమునుబట్టి యేర్పడిన కాలధర్మముగ నెంచి, కాలము మాఱినచో సమభాగమునకు మతము అడ్డు రాదని యూహింపజేయుచున్నాడు. ఈ కడపటి మాట గ్రంథమంతటిలోను మిక్కిలి సాహసమైనది. నేటికిని నెఱవేఱక నిలిచియున్నదియు నదియే.

శాసనభాగమునం దింకొక విశేషము గలదు. హద్దాద్ తన మతమును మాత్రము చెప్పి యూరకుండలేదు. వివాహమున స్త్రీ యిష్టము, విడాకులు, ఇంటిలో స్త్రీ స్థానము, పరపురుషుల యెదుట ఆమె కప్పుకొనవలసిన దెంత మున్నగు ప్రశ్నలను జైతూనా పండితులు కొందఱకు బంపి, వారిచ్చిన యుత్తరములను తన గ్రంథముననే యచ్చువేసెను. తనకు ప్రతికూలమైన యుత్తరములనుగూడ దాచలేదు. ఇట్టి నిజాయితీ సంస్కర్తలలో తఱచుగా గానరాదు. ఒకే ప్రశ్నకు పండితుల యుత్తరములు ఒకదానితో నొకటి యేకీభవింపకుండుట చూచిన పాఠకుడు, శాస్త్రము చెప్పునది యొక్కటేయని తాను నమ్మినది నిజము కాదని తనంతట గ్రహించును. వాదముచే సాధింపలేని దానిని హద్దాద్ ఈ పొరుపొచ్చెమును జూపుటచే సాధించినాడు.

సాంఘికభాగమున చదువు, గృహనిర్వహణము, బాల్యవివాహము, ఆరోగ్యము, శిశుపోషణము చర్చింపబడినవి. ఆనాటి స్థితి తలచినచో ఈ భాగపు విలువ తెలియును. ఆధునికవిద్య నేర్పు సాదికీ కళాశాలను ఖైరుద్దీన్ 1875లో బాలురకై స్థాపించెను. ముస్లిం బాలికలకై ట్యూనిస్‌లో మొదటి పాఠశాల వెలసినది 1900లో. దానిని పెట్టించినది ఫ్రెంచి రెసిడెంటు జనరల్ భార్య. అటుపిమ్మట ముప్పది యేండ్లకు హద్దాద్ వ్రాయునాటికిని బడికి బోవు బాలిక యరుదే. చట్టము స్త్రీ కిచ్చిన హక్కును ఆమె చదువలేనిచో ఆ హక్కు ఎవరిదని అతడు చింతించినాడు. కావుననే అతని గ్రంథమున రెండు భాగములు బండికి రెండు చక్రములవలె నున్నవి.

గుణములు చెప్పితిమి గనుక దోషములును జెప్పవలెను. మొదటి దోషము: ప్రశ్నలు పంపబడినవారందఱును పురుషులు. స్త్రీని గూర్చి పండితుల నడిగినవాడు స్త్రీ నడుగలేదు. ఆమె దుఃఖము గ్రంథమున పుటపుటను గలదు గాని ఆమె కంఠము వినబడదు. రెండవ దోషము: స్త్రీకి చదు వేలయను ప్రశ్నకు హద్దాద్ తఱచుగా నిచ్చు సమాధానము, మంచితల్లి కావలెననియు, మంచిగృహిణి కావలెననియు, తద్వారా జాతి బాగుపడవలెననియు. ఆమె తనకొఱకు తాను చదువుకొనుట యనునది అప్పుడప్పుడు తొంగిచూచునే గాని నిలువదు. ఆనాటి సంస్కర్తలకు సర్వసామాన్యమైన లోపమిది. మన దేశపు సంస్కర్తలును దీనికి మినహాయింపు కారు. మూడవ దోషము వాక్పారుష్యము. ముఖము గప్పు ముసుగును అతడు కఱవకుండుటకై కుక్కమూతికి గట్టు చిక్కముతో బోల్చినాడు. ఆ యుపమానము స్త్రీల నవమానించు పురుషుల బుద్ధిని గొట్టుటకే యుద్దేశింపబడినను, దెబ్బ మాత్రము ముసుగు ధరించిన స్త్రీకిని దగిలినది. ఎవరిని విడిపింపగోరితిమో వారిని నొప్పించు మాట విరోధి చేతికి మన మిచ్చిన కత్తి.

విరోధులా కత్తిని జక్కగ వాడుకొనిరి. జైతూనా పెద్దలు హద్దాద్ మతద్రోహి యని ప్రకటించి అతని పట్టమును తీసివేసిరి. ముహమ్మద్ సాలిహ్ బెన్ మ్రాద్ అను పండితుడు 1931లో ఖండనగ్రంథము వ్రాసి, హద్దాద్ పేరుతో శ్లేషించి, "హద్దాద్ స్త్రీకై సంతాపము" అని దానికి నామకరణము చేసెను. హద్దాద్ నిరాదరణలో, రోగపీడితుడై 1935 డిసెంబరులో ముప్పదియాఱవ యేట మరణించెను. కాని మఱుసటి సంవత్సరమే, అనగా 1936లో, ట్యునీసియా ముస్లిం స్త్రీల సమాజమును స్థాపించి, స్త్రీవిద్యకై పాటుపడిన బషీరా బెన్ మ్రాద్ ఎవరనుకొందురు? ఆ ఖండనగ్రంథకర్త కుమార్తెయే! తండ్రియు ఆమె పనికి అడ్డుపడక తోడ్పడెను. గ్రంథమును దూషించిన యింటిలోనే గ్రంథాశయము మొలకెత్తినది. దీనినిబట్టి మన మొకటి గ్రహింపవలెను. పూర్వాచారపరుడు సంస్కారమున కెల్లప్పుడు శత్రువు కాడు; తన కూతురు చదువవలెనని కోరు తండ్రి, కూతుళ్లందఱ చదువునకు విరోధముగ జిరకాలము వాదింపలేడు.

ఇక 1956 నాటి న్యాయస్మృతిని జూతము. ఆ సంవత్సరము మార్చి 20వ తేదీన స్వాతంత్ర్యము వచ్చినది. ఐదు నెలలు నిండకముందే హబీబ్ బూర్గిబా ప్రభుత్వము ఈ స్మృతిని ప్రకటించినది. బహుభార్యాత్వము నిషిద్ధమయ్యెను, ఉల్లంఘించినవానికి సంవత్సరకాలము కారాగారశిక్ష. భర్త నోటిమాటతో విడాకు లిచ్చుట చెల్లదాయెను. భార్యాభర్తలలో నెవరైనను న్యాయస్థానమునకే పోవలెను. వివాహమునకు స్త్రీసమ్మతి యావశ్యకమాయెను. వివాహవయస్సు బాలికకు 15, పురుషునకు 18గ నేర్పడి, 1964లో 17, 20గను, 2007లో ఇరువురకును 18గను పెరిగినది. అరబ్బుదేశములలో అంతవఱకు నిట్టి శాసనము లేదు. దీని వలన రక్షింపబడిన సంసారములెన్నియో! శాసనకర్తలకు దక్కవలసిన కీర్తిని నేను తగ్గింపబోను.

అయినను శాసనము వచ్చిన విధమును విచారింపవలదా? అది బే ఆజ్ఞాపత్రరూపమున వెలువడినది. అప్పటికి స్త్రీలకు వోటు లేదు. వారు మొదటిసారి వోటు వేసినది 1957 మే నెల పురపాలకసంఘముల యెన్నికలలో. షరియతు న్యాయస్థానములు అదే కాలమున రద్దయ్యెను. మతధర్మముల క్రింద నున్న వక్ఫు ఆస్తులను రాజ్యము గైకొనెను. జైతూనా విద్యాపీఠము తన స్వాతంత్ర్యమును గోల్పోయెను. పండితులలో కొందఱు అభ్యంతరము తెలిపిరి గాని వారితో చర్చ సాగలేదు. బూర్గిబా తన యుపన్యాసములలో హద్దాద్ తర్కమునే వాడెను. న్యాయము చేయలేనివానికి రెండవ భార్య లేదనెను. కాని హద్దాద్ ప్రశ్నలు పంపి, ఉత్తరములకై వేచి, వచ్చిన వానిని అచ్చొత్తించెను. రాజ్యము ఉత్తరము తానే వ్రాసికొని ప్రశ్నను మూసివేసెను. ఇదియే బూర్గిబా 1929లో ఒక యువతి బహిరంగసభలో ముసుగు తీసినప్పుడు, ముసుగు మన జాతీయత్వమునకు గుఱుతని పత్రికలో సమర్థించినవాడు. మనస్సు మార్చుకొనుట దోషము కాదు. తాను మార్చుకొనుటకు బట్టినన్ని సంవత్సరములలో పదవవంతైనను ప్రజల కీయకపోవుట దోషము. స్త్రీల విషయముననైనను నిదే తీరు. ప్రభుత్వపక్షమున జాతీయ స్త్రీసంఘ మేర్పడినది. బషీరా బెన్ మ్రాద్ సమాజమునకు చోటు లేకపోయినది.

విద్యావిషయమున మాత్రము రాజ్యము హద్దాద్ ఆశయమును నిండుమనస్సుతో గైకొన్నదని చెప్పవలెను. స్వాతంత్ర్యము నాటికి ఆ దేశమున నూటికి సుమారు 85 మందికి చదువు రాదు. 1958 నాటి విద్యాసంస్కారము చదువు నుచితము చేసి బాలబాలికలకు సమానముగ తలుపులు తెఱచినది. 1991 శాసనము పదునాఱేండ్లవఱకు చదువు నిర్బంధము చేసినది. నేడు విశ్వవిద్యాలయములలోని విద్యార్థులలో నూటికి 60కి పైగా స్త్రీలే. అయినను 2014 జనాభా లెక్కలలో చదువురానివారు స్త్రీలలో నూటికి ఇంచుమించు 25 మంది, పురుషులలో 12 మంది యని తేలినది. ఆ నిరక్షరులైన స్త్రీలు సముద్రతీరపు పట్టణములలో నుండువారు గారు. వారిలో ననేకులు లోపలి జిల్లాలలోని పల్లెలవారు, వృద్ధురాండ్రు.

జనసంఖ్యావిషయమును ఇట్టిదే. 1956లో సుమారు 38 లక్షలుగ నున్న జనము 2024 లెక్కలనాటికి ఒక కోటి 20 లక్షలకు జేరినది. 1960 ప్రాంతమున ఒక్కొక్క స్త్రీకి సగటున ఏడుగురు బిడ్డలు. శతాబ్దము ముగియునప్పటికి ఇద్దఱు. ఇంతటి మార్పు ఇంత స్వల్పకాలమున జరిగిన దేశములు కొన్నియే. 1961లో గర్భనిరోధసాధనములపై ఫ్రెంచివారి కాలమునుండి యున్న నిషేధము తొలగెను. 1966లో కుటుంబనియంత్రణము దేశవ్యాప్తమాయెను. అయితే శాసనములను వరుసగ జదివినవారికి ఒక సంగతి తోపకపోదు. 1960లో కుటుంబభృతి నలుగురు బిడ్డలకే పరిమితము చేయబడెను. 1965లో గర్భస్రావ మనుమతింపబడినది ఐదుగురు బిడ్డల తల్లికే. అనగా రాజ్యము లెక్కించినది బిడ్డలను. తల్లి యిష్టమును గాదు. 1973లో గాని గర్భమొందిన మొదటి మూడునెలలలో నా నిర్ణయము ఏ స్త్రీకైనను లభింపలేదు. అదియైనను ఫ్రాన్సుకంటె రెండేండ్లు ముందని యొప్పుకొనవలెను. నేడు సమస్య తలక్రిందైనది: బిడ్డలు తగ్గిరి, 2024 నాటికి ఆఱుగురిలో నొకరు 60 ఏండ్లు దాటినవారైరి. ఆ వృద్ధుల సేవ ఎవరిపై బడును? ఇంటిలోని స్త్రీపైననే. దేశమున బిడ్డ లధికమైనను, వృద్ధు లధికమైనను భార మామెదేయైనచో, హద్దాద్ వ్రాసిన సాంఘికభాగ మింకను ముగియలేదన్నమాట.

ఆజ్ఞచే వచ్చిన సంస్కారము ఎచ్చట నాగునో రెండు విషయములు చూపగలవు. మొదటిది ముసుగు. ఒకప్పుడు ముసుగు తీయుమని స్త్రీకి బోధించిన రాజ్యము, 1981లో వెలువరించిన యుత్తరువుచే పాఠశాలలలోను కచేరీలలోను తలముసుగును నిషేధించెను. తండ్రి కప్పుమన్నందున గప్పుకొనుటకును, అధికారి తీయుమన్నందున దీయుటకును నడుమ స్త్రీకి మిగిలిన స్వేచ్ఛ యెంత? 2011 విప్లవానంతరము ఆ యాజ్ఞ యెగిరిపోయినది. బలవంతముచే నణచబడినదంతయు ఒక్కసారి వీధిలోనికి వచ్చినది.

రెండవది దాయభాగము. 1956 స్మృతి దీనిని ముట్టలేదు. భర్తయే కుటుంబమునకు పెద్ద యను మాటను నేటికిని తీయలేదు. భార్య విధేయురాలు గావలెనను నిబంధనము 1993వఱకు నిలిచెను. 2017 ఆగస్టు 13న అధ్యక్షుడు బేజీ ఖాయిద్ అస్సిబ్సీ ఒక సంఘమును నియమించెను. అది 2018 జూనులో సమభాగమును సిఫారసు చేసెను. పార్లమెంటు భవనమెదుట వేలాది ప్రజలు, వారిలో స్త్రీలును జేరి, దీనిని నిరాకరించిరి. ఆ నవంబరున మంత్రిమండలి బిల్లు నంగీకరించెను. పాతపద్ధతిని గోరువారు మరణశాసనముచే దానినే పాటింపవచ్చునని యందున్నను బిల్లు పార్లమెంటులో గట్టెక్కలేదు. 2019 జులైలో అధ్యక్షుడు మరణించెను. 2020లో ఆయన తరువాతివాడు కైస్ సయీద్, ఈ విషయమున ఖురాను వాక్యము స్పష్టమని చెప్పి చర్చను ముగించెను. హద్దాద్ 1930లో పండితులయెదుట నుంచిన వాదము ఎనుబది తొంబది యేండ్ల పిదపను విననివారికి వినరానిదిగనే యున్నది. ఏల? నడుమ ఆ వాదమును ఎవరును మసీదులో, బడిలో, ఇంటిలో ప్రజలతో జేయలేదు గనుక.

మఱియొక లోటు హద్దాద్ మొదటి గ్రంథమును జ్ఞప్తికి దెచ్చును. 2019 ఏప్రిల్ 27న సీదీ బూజీద్ జిల్లాలోని సబ్బాలా వద్ద పొలముకూలీలను నిండ గ్రుక్కి తీసికొనిపోవు బండి ప్రమాదమునకు లోనై పండ్రెండుమందికి తక్కువ కాకుండ మరణించిరి. వారిలో స్త్రీలే యెక్కువ. అట్టి కూలీల ప్రయాణమునకై ఆ సంవత్సరమే చట్టము చేసిరి. ఏకపత్నీత్వము, విడాకులహక్కు, వోటు అన్నియు గల యా స్త్రీలకు పనికి బోవుటకు గూర్చుండు చోటు లేకపోయెను! పట్టభద్రులలోసైతము నిరుద్యోగము పురుషులలోకంటె స్త్రీలలో ఇంచుమించు రెండింతలు. కూలివాని గ్రంథమును స్త్రీ గ్రంథమును ఒకడే వ్రాసెనను సంగతిని ఆతని భక్తులు మఱచిరి.

ఇచట నొక యాక్షేపణము రాగలదు. "ప్రజలందఱు ఒప్పుకొనువఱకు వేచియున్నచో నేటికిని ఆ దేశమున నలుగురు భార్యలును, నోటిమాట విడాకులును నుండెడివిగదా, ఆజ్ఞ లేక సంస్కార మెక్కడిది?" ఈ యాక్షేపణము బలమైనది, దీనిని ద్రోసివేయలేను. వీధిలోనికి గెంటబడబోవు భార్యతో, "నీ మగడు వాదమున నోడువఱకు ఓపికపట్టు" మని చెప్పు హక్కు ఏ విమర్శకునకును లేదు. శాసనము ముందుగ వచ్చుట తప్పు కాదు. శాసనము వచ్చినదిగదా యని వాదమును మానుట తప్పు. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరులో మొదటి వితంతువివాహమును జరిపించుటకు ముందే కందుకూరి వీరేశలింగము పంతులుగారు శాస్త్రవాక్యములతో పండితుల నెదుర్కొని, పత్రికలో వ్రాసి, సభలలో వాదించిరి. వితంతువివాహమును సక్రమము చేయు చట్టము 1856లోనే యున్నను, ఇరువదియైదేండ్లు అది మన ప్రాంతమున కాగితముననే యుండెను. చట్టమును గాగితమునుండి గడపలోనికి దెచ్చినది ఆ వాదమే. ఈ పోలికచేతనే హద్దాద్ మనకు దూరపువాడుగ దోచడు.

కావున నా తీర్పు ఇది. హద్దాద్ గ్రంథము లోపములు గలదైనను ఉత్తమగ్రంథము. దాని గొప్పతనము అది కోరిన శాసనములలోకంటె అది వాదించిన రీతిలో నెక్కువగ నున్నది. విరోధి యుత్తరమును తన పుటలలో నచ్చువేయగలవాని ధైర్యము, విరోధిని నోరు మూయించువాని ధైర్యముకంటె గొప్పది. ట్యునీసియా రాజ్యము ఆతని శాసనభాగములో ముప్పాతికను, సాంఘికభాగములో సగమును గైకొని, ఆతని పద్ధతిని బొత్తిగా విడిచినది. ఆగస్టు 13వ తేదీ అచ్చట నేటికిని స్త్రీల పండుగదినము. ఆనాడు ఆతని పేరు తలచుట యుచితమే. ఆతని గ్రంథమును ప్రతి యింటను దెఱచి, ఆతడు పండితులకు బంపిన ప్రశ్నలను ఈసారి తల్లికిని, కూతునకును, పొలముకూలీ స్త్రీకిని బంపుట మఱింత యుచితము.